బజారు నిండిన పూట

...అయినా దీన్ని మోసం అనడానికి వీల్లేదు, ఎవరి ఊళ్లో వాళ్లు నడిస్తే తప్పేముంది, అనుకుంది మునిసిపల్ చైర్‌పర్సన్. పక్కనే నడుస్తున్న చెప్పుల కంపెనీ ఆయన ఈ ఊళ్లో కళ లేదని తేల్చేస్తే, ఫ్యాక్టరీ మరో ఊరికి పోతుంది. అందుకే పొద్దున్నే ఇంటింటికీ తిరిగి బతిమాలి, సగం దుకాణాలు మూతపడ్డ బజారును జనంతో నింపింది. తీరా నిండాక, ఆమె మనసు కూడా నమ్మేసింది. నిజంగానే బాగుపడ్డాం కాబోలు అని సంతోషపడింది.

ఇంతలో ఆమె మరిది, ఇందాకటి చొక్కాతోనే, తలకు టోపీ తగిలించుకుని మళ్లీ ఎదురొచ్చాడు. చెవి దగ్గర గొణిగాడు.

"వదినా, కాళ్లు పీకుతున్నాయి. ఈసారి ఏమైనా కొనాలా, ఊరికే బేరమాడి వచ్చేయనా?"

"బేరమాడు. గొంతు మాత్రం తగ్గించు."

కంపెనీ ఆయన చెమట తుడుచుకున్నాడు. "ఇంత రద్దీ ఉంటుందనుకోలేదండీ. మా లారీలు ఈ వీధిలోంచే పోవాలి. ఖాళీగా ఉండే ఊరైతేనే మాకు కుదురుతుంది."

ఫ్యాక్టరీ రావాలంటే ఊరు ఖాళీ అని ఒప్పుకోవాలి. ఇన్నేళ్లూ తనకు తాను కూడా చెప్పుకోని మాట అది. ఆమె ఆ సందడిని ఇంకాసేపు కళ్లారా చూసుకుంది.

తర్వాత రెండు చేతులూ గట్టిగా చరిచి, "చాల్లే, ఇక అందరూ ఇళ్లకెళ్లండి," అంది.