కుడికి తిరిగితే

రొయ్య తల తుంచి, పెంకు ఒలిచి, వీపు మీది నల్లనరం లాగేలోపు కార్తీక మనసులో, పరీక్ష లెక్కలోని మనిషొకడు ఉత్తరానికి నాలుగు కిలోమీటర్లు నడిచాడు. కుడికి తిరిగి ఇంకో మూడు నడిచాడు. వాడితోపాటే ఆమె కూడా పీట మీద కుడికి తిరిగింది. రాయపురం షెడ్డు గుమ్మంలోంచి సముద్రం ఎదురుగా కనబడింది. అయితే తూర్పే.

"బయల్దేరిన చోటికి అయిదు," అంది పైకి.

పక్కన ఒలుస్తున్న మునెమ్మ నవ్వింది. "ఏడు నడిచినోడికి అయిదేనా? మిగతా రెండూ ఎవురు మింగినారు మే?"

"అడ్డదోవన కొలవాలక్కా."

"అడ్డదోవ ఉంటే ఆ నా బట్ట అంత చుట్టు యాల తిరిగినాడు?"

మంచునీళ్లలో నాని కార్తీక వేళ్లు పాలిపోయాయి. గోళ్ల చుట్టూ పుళ్లు. పదో తరగతి పాసవగానే చదువు మాన్పించి ఈ షెడ్డులోనే అమ్మ పక్కన కూర్చోబెట్టారు. అమ్మ పోయింది, పీట మిగిలింది. ఇప్పుడు పాలు తాగే కూతురు ఆ చేతులు దగ్గరికొస్తే నీచువాసనకు మొహం తిప్పుకుంటుంది. సర్కారు గోదాంలో సహాయకురాలి పనికి ఈ మధ్యాహ్నమే మనలిలో పరీక్ష. వయసు దాటిపోతోంది, మళ్లీ రాయనివ్వరు. మిగతావన్నీ బట్టీ పట్టింది గానీ, దిక్కుల లెక్కలు కాగితం మీద తలకెక్కలేదు. కాగితంలో సముద్రం లేదు. ఒళ్లు తిరిగితేనే ఆమెకు దిక్కు తెలిసేది.

పిల్లను మునెమ్మ ఒడిలో పెట్టి, నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుని బస్సెక్కింది.

పరీక్ష గదికి కిటికీల్లేవు. కంప్యూటర్ల ముందు గిర్రున తిరిగే కుర్చీలు. పక్కసీటు అమ్మాయి ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంది. పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసింది. పిల్ల ఏడుస్తోందేమో. అంతలో దిక్కుల లెక్క వచ్చింది. తెర ఉన్న వైపు ఉత్తరమనుకుని కార్తీక కళ్లు మూసుకుంది. కుడికి తిరిగింది.

"పక్కదాంట్లో ఏం చూస్తున్నావమ్మా? ఇంకోసారి తిరిగితే బయటికే." కాపలా ఉన్న కృష్ణస్వామి తమిళంలో గదిమాడు.

బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. కదలకుండా ఉంటే నాలుగు దిక్కులూ ఒకటే అయిపోతున్నాయి. తిరిగితే తెలిసిపోయే లెక్కే కదా, వదలబుద్ధి కాలేదు. మళ్లీ కళ్లు మూసుకుంది. చెయ్యి ఎప్పుడు వదిలిందో, ఎప్పుడు తిరిగిందో ఆమెకే తెలీదు. కళ్లు తెరిచేసరికి కృష్ణస్వామి ఎదురుగా ఉన్నాడు.

"కాపీ కాదన్నా," భయానికి తెలుగే వచ్చింది. "తూర్పు యాడుండాదో చూస్తా ఉండా."

ఆయనదీ తెలుగే. "తూర్పు ఆ పిల్ల కంప్యూటర్లో ఉండాదా?"

గది నవ్వింది.

"చిన్నబిడ్డ ఉండాదన్నా. నాకిదే ఆఖరు."

"బిడ్డ ఉంటే? చదువుకోని రావాల."

కార్తీక కొంగు జాకెట్టు మీదికి లాక్కుని లేచింది. తలుపు ఎటుందో తోచక నిలబడిపోతే, ఆయనే వేలు చూపించాడు.

తలుపు మూసుకుంది. మౌసుల టకటక మళ్లీ మొదలైంది. ఆమె లేచిన కుర్చీని ఎవరూ సరిచేయలేదు. అది కుడికి తిరిగే ఉంది.