రోజ కట్టిన గోపురం

నారాయణఖేడ్‌లో తమ ఇంటి అరుగు మీద కూర్చుని రోజ లాప్‌టాప్ ఆటలో సుమేరియన్ల రాజ్యం ఏలుతోంది. పక్కనే కందికాయలు ఒలుస్తున్న నాయనమ్మ గ్రేసమ్మ తెర వైపు వంగింది.

“ఏందే గా గోపురం?”

“గుడి, నానమ్మ. కడితె నా రాజ్యంల తెలివి పెరుగుతది.”

“గది బాబెలు గోపురం. కట్టకు. అప్పుడు గట్లనే కడితే దేవుడు భాషలు తారుమారు చేసిండు. గందుకే అంగడిల గిన్ని కందులు అమ్మాలంటే తెలుగు, కన్నడం, ఉర్దూ మాట్లాడి నా దవడలు గుంజుతున్నయ్.”

రోజ విసుక్కుంటూనే గోపురం కట్టేసింది. చివరి మెట్టు పడగానే తెర నల్లబడి, ఆట మళ్లీ మొదటికొచ్చి ఏదో అడిగింది.

“ఏమడుగుతుంది?”

“ఏ భాష కావాల్నో ఎంచుకోమంటుంది,” అంది రోజ నెమ్మదిగా.

“కొత్తయి ఏమన్న కలిసినయా సూడు. రేపు అంగడికి పోవాలె.”