పొట్లాల్లో దొరికిన కాగితం

గొడవ గోడ గడియారం దగ్గరే మొదలైంది.

"మళ్ళీ ఐదు నిమిషాలు ముందుకి జరిపావా?" భర్త స్టూలెక్కి వంటింటి గడియారం ముల్లు వెనక్కి తిప్పుతున్నాడు. "వాచీలు బాగుచేసేవాడి ఇంట్లో గడియారం తప్పు చూపిస్తే నలుగురూ నవ్వరూ?"

"ఆ నలుగురూ వంటింట్లోకి రారు. మీరేమో పిలిచిన పావుగంటకి గానీ కంచం దగ్గరికి రారు. అందుకే జరిపాను."

"ఏ గడియారం ఎంత ముందుకి పరిగెడుతోందో చప్పుడు విని చెప్పేస్తాను. నా దగ్గరా నీ వేషాలు?" స్టూలు దిగి మీసం దువ్వుకున్నాడు.

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. గుండె పరిగెడుతోందని వారం రోజులుగా తను మొత్తుకుంటుంటే ఈ చెవులు ఏమయ్యాయి?

అరికాళ్ల మంటకి నరాల డాక్టరు ఓ మాత్ర రాశాడు. మంట తగ్గిన మాట నిజమే. కానీ మోతాదు పెంచినప్పటినుంచీ నోరు పిడచగట్టుకుపోతోంది. నాలుగు మెట్లెక్కితే గుండె గొంతులో కొట్టుకుంటోంది. ఆ సంగతి చెబితే భర్త, "నువ్వు మొదటినుంచీ కంగారు మనిషివే" అని కొట్టిపారేశాడు.

"ఆరుగుర్ని కన్నాను. నాకు గుండె ఉన్నట్టే ఎప్పుడూ తెలీలేదమ్మా" అంది అత్తగారు.

'ఆ సంగతి మాకందరికీ తెలుసత్తయ్యా' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

మాట మింగింది గానీ ఊరుకోలేదు. రోజూ పొద్దున్నే కదలకుండా కూర్చుని, మణికట్టు మీద వేలుంచి, నిమిషం పాటు నాడి లెక్కపెట్టింది. క్యాలెండరు వెనక రాసిపెట్టింది. నూట పద్దెనిమిది. నూట ఇరవై రెండు. నూట ఇరవై ఆరు. భర్తకి చూపిస్తే, "లెక్క తప్పుంటావులే" అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆయన బయటికెళ్లినప్పుడు ఎవరో తమ వాచీ కోసం ఇంటి ముందుగదిలోని కొట్టుకి వచ్చారు. తీసిద్దామని బల్ల సొరుగు లాగింది. వాచీ దొరికింది. దాని పక్కనే వరసగా ఏడు చిన్న పొట్లాలు. ఒక్కో పొట్లంలో ఒక్కో వాచీ తాలూకు చక్రాలు, మరలు. కాగితం పలచగా ఉంది, దానినిండా చీమల బారులాంటి అక్షరాలు. ఓ పొట్లం మీద తన మాత్ర పేరు కనిపించింది.

మాత్రల డబ్బాలో ఉండాల్సిన కాగితం! ఆమె కంటబడకముందే ఆయన తీసుకుని ముక్కలు చేసుకున్నాడన్నమాట.

వచ్చినవాళ్లని పంపేసి, ఏడు పొట్లాలూ విప్పి ఒకే గిన్నెలో బోర్లించింది. ముక్కలన్నీ అతికించి, వాచీలు విప్పేటప్పుడు ఆయన కంటికి పెట్టుకునే భూతద్దం తన కంటికి పెట్టుకుంది. 'గుండె వేగంగా కొట్టుకుంటే వెంటనే డాక్టరుకు తెలపండి. సొంతంగా మందు హఠాత్తుగా ఆపవద్దు.'

అప్పటికప్పుడు ఆస్పత్రికి ఫోను చేసింది.

సాయంత్రం భోజనాల దగ్గర ఆయన కంచం పక్కన ఆ గిన్నె పెట్టింది.

"ఇవేంటి? ఏడు వాచీలవీ కలిపేశావా? నీకేమైనా మతిపోయిందా!"

"పొట్లాలకి ఇంకో కాగితం దొరకలేదా మీకు?" అతికించిన కాగితాన్ని ఆయన ముందుకి తోసింది.

అచ్చులో ఉన్న వాక్యం చూసి ఆయన ముఖం పాలిపోయింది. "పలచగా ఉంటుంది, నూగు రాలదు... అందులో ఏముందో చూళ్లేదే."

"చదవకపోతే పోయింది. వారం రోజులు నేను నోటితోనే చెప్పానుగా, అది విన్నారా?"

"పోనీలేవే, అన్నం ముందు ఎందుకీ గొడవ?" అంది అత్తగారు.

"మీరూ వినండత్తయ్యా. రేపు పొద్దున్నే రమ్మని నరాల డాక్టరే చెప్పాడు. గుండె పరీక్ష చేయించి మందు మారుస్తాడట. ఈలోగా ఊపిరాడకపోయినా, కళ్లు తిరిగినా, ఏ వేళైనా ఆగకుండా వచ్చెయ్యమన్నాడు." ఆమె భర్త వైపు తిరిగింది. "రేపు మీరు కొట్టు మూసేసి నాతో వస్తున్నారు. ఏం జరిగిందో డాక్టరుకి నేనే చెబుతాను. మీరు పక్కన కూర్చుని, నోరు మూసుకుని, ఆ మాటలన్నీ వినాలి."