వెళ్లక్కర్లేని గుహ

సాయంత్రం అయిదున్నరకి నస్రత్ వేటపాలెంలో జీడిపప్పు కంపెనీ గేటు దాటేది. పొద్దుటినుంచీ గుండ్లు ఒకవైపు, బద్దలు ఒకవైపు, ముక్కలు ఒకవైపు ఏరి ఏరి వేళ్లు కొంకర్లు పోయేవి. షేర్ ఆటోలో చీరాల చేరి, బజ్జీల బండి దగ్గర నాన్నకి రెండు కట్టించుకుని ఇంటికొచ్చేసరికి, అల్లాబక్షు చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని అరుగు మీద తయారుగా ఉండేవాడు.

"వచ్చావా షాజాదీ? ఇవాళ ఎన్నో అంతస్తు?"

షాజాదీ ఆయన చెల్లెలు. పోయి పదకొండేళ్లయింది. మొదట్లో నస్రత్ "నేను నాన్నా, నీ కూతుర్ని" అని సరిదిద్దేది. పోనుపోను మానేసింది.

"ఆరోది. కాళ్లు కడుక్కుని వస్తానుండు."

అల్లాబక్షు నలభై ఏళ్లు చీరల అంచులకి డిజైన్లు గీశాడు. గ్రాఫు కాగితం మీద ఒక్కో గడీ ఒక్కో పోగు. ఆయన గీసిన కాగితం చేతిలో ఉంటే నేతగాళ్లు ఇంకేమీ అడిగేవాళ్లు కాదు. అలాంటి మనిషి రెండేళ్లుగా ఒక్కొక్కటే పోగొట్టుకుంటున్నాడు. ముందు కళ్లజోడు పోయింది, తర్వాత సైకిలు తాళంచెవి, ఆ తర్వాత మసీదునుంచి ఇంటికొచ్చే దారి. పోయిన రంజాను తర్వాత కూతురి పేరు పోయింది. "ఉన్నవి జాగ్రత్తగా చూసుకోండమ్మా, పోయినవి ఇక రావు" అన్నాడు డాక్టరు.

ఆ మాట విని వచ్చిన వారమే, ట్రంకుపెట్టె సర్దుతుంటే నస్రత్‌కి తన ఇంటర్ రోజుల నాటి టీవీ గేము దొరికింది. వీధి చివర టీవీలు బాగుచేసే ఇషాక్ వైర్లు అతికించి ఇచ్చాడు. కథ ఉన్న ఆట అది. నలుగురు కలిసి దేశాలు తిరుగుతూ, బలం పెంచుకుంటూ, చివరికి చీకటిరాజుని చంపాలి. పదిహేడేళ్లప్పుడే నస్రత్ ఆ రాజుని చంపేసింది. కానీ పటం అంచున, సముద్రం కింద ఒక గుహ మిగిలిపోయింది. దాంట్లోకి వెళ్లకపోయినా ఆట పూర్తవుతుంది. వెళ్తే పన్నెండు అంతస్తులు దిగాలి. దీపం వెలుగు పడినంత మేరే కనిపిస్తుంది. మధ్యలో ఆగి, ఆడినంతవరకూ దాచుకునే వీల్లేదు, చస్తే మళ్లీ మొదటి మెట్టునుంచే. అప్పట్లో ఆమెకి అంత ఓపిక లేకపోయింది.

ఇప్పుడు సాయంత్రాలు నాన్నని కూర్చోబెట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా అని దిగింది. మొదటి అంతస్తులో మూడో మలుపు దగ్గర ఒక పెట్టె ఉంది. తెరిచింది. తెర మీద ఏదో దొరికినట్టు అక్షరాలు వెలిగాయి. టీవీ ముందు చాప మీద అల్లాబక్షు కళ్లజోడు వచ్చి పడింది, ఉప్పునీళ్లు కారుతూ.

అల్లాబక్షు దాన్ని లుంగీ అంచుతో తుడిచి పెట్టుకున్నాడు. "కాడ వంకరపోయింది" అన్నాడు.

రెండో అంతస్తులో సైకిలు తాళంచెవి వచ్చింది. గది తడవకుండా నస్రత్ టీవీ కింద గోనెసంచి పరిచింది. పక్కింటి మస్తాన్‌బీ గుమ్మంలో నిలబడి అడిగింది.

"మా అట్లకాడ కనిపించట్లేదే. అందులో ఏమన్నా ఉందేమో చూడవే."

"నాన్న పోగొట్టుకున్నవే వస్తాయి పిన్నీ."

"అయితే మీ నాన్న మా గొడుగు పట్టుకెళ్లాడు పోయినేడు. అదన్నా రావాలిగా!"

నాలుగో అంతస్తులో గొడుగు వచ్చింది. మస్తాన్‌బీ విప్పి చూసి, ఊచ ఒకటి విరిగిందని గొణుక్కుంటూ పట్టుకెళ్లింది.

అయిదో అంతస్తులో పెట్టె ఖాళీగా కనిపించింది. నస్రత్ నిట్టూర్చి ముందుకు కదలబోతుంటే అల్లాబక్షు ఉన్నట్టుండి "మీ అమ్మ చేపల పులుసులో మామిడికాయ వేసేది. చింతపండు తక్కువ వేసేది" అన్నాడు. నస్రత్ చేతులు ఆగిపోయాయి. రెండేళ్లలో ఆయన నోట అమ్మ మాట రావడం అదే మొదలు. ఇలాంటివి కూడా ఉంటే, తన పేరూ కిందెక్కడో ఏదో ఒక పెట్టెలో ఉండే ఉంటుంది. ఆ రోజునుంచి ఆమెకి అది ఆట కాకుండా పోయింది.

ఆమె బొత్తాలు నొక్కేది, ఆయన గ్రాఫు కాగితం మీద దారి గీసేవాడు. తెర మీద గాజుతేళ్లు కుట్టినప్పుడల్లా ముఖం చిట్లించేవాడు. ఏడో అంతస్తులో తొమ్మిదిసార్లు చచ్చారు, తొమ్మిదిసార్లూ పైనుంచి దిగొచ్చారు. తొమ్మిదో అంతస్తులో నస్రత్ దారి తెలియక తిరుగుతుంటే ఆయన పాత కాగితం తిరగేసి వెలుతురుకి పట్టాడు.

"ఏడోదాన్నే తిప్పి వేశాడు, చూడు. కుడి అంచు వేసినవాడు ఎడమ అంచు వేయకుండా ఉంటాడా? అక్కడ కుడికెళితే ఇక్కడ ఎడమకెళ్లు."

వెళ్లింది. మెట్లు తగిలాయి.

పన్నెండో అంతస్తులో కాపలాకి రాతి తాబేలు ఉంది. కత్తి దానికి దిగదు, మంత్రం వేస్తే తిరిగి మనకే తగులుతుంది. మూడు వారాలు అది వాళ్లని చంపుతూనే ఉంది. ఒక ఆదివారం మధ్యాహ్నం, నస్రత్ వారపు సెలవు నాడు, "తల బయటపెట్టినప్పుడే కొట్టు. మిగతాసేపు ఊరుకో, తొందరపడకు" అని అల్లాబక్షు పక్కనే కూర్చుని తల ఎంతసేపటికొస్తుందో లెక్కపెట్టాడు. గంటన్నర పట్టింది. తాబేలు ఇసుకై రాలిపోయింది. దాని వెనక చిన్న పెట్టె కనిపించింది.

నస్రత్ బొత్తాం నొక్కి కళ్లు మూసుకుంది. నాన్న నోట తన పేరు వస్తుందని ఎదురుచూసింది.

చాప మీద తడిసిన కవరు పడింది. అల్లాబక్షు వంగి తీసి, కళ్లజోడు సవరించుకుని చదివాడు.

"కుమారి షేక్ నస్రత్, తండ్రి అల్లాబక్షు, చీరాల." కవరు తిప్పి చూశాడు. "ఇది పోలేదమ్మాయ్. నేనే దాచాను."

పదిహేడేళ్లప్పుడు నస్రత్ కూడా గీసేది. గుంటూరులో చేనేత డిజైన్లు నేర్పే బడికి దరఖాస్తు పెట్టి, రెండు నెలలు పోస్టుమాన్ కోసం గుమ్మంలో నిలబడింది. ఉత్తరం రాలేదు. సీటు రాలేదనుకుని జీడిపప్పు కంపెనీలో చేరింది. మళ్లీ పెన్సిలు ముట్టుకోలేదు.

"అప్పటికి మీ అమ్మ పోయి నలభై రోజులు కూడా కాలేదు" అన్నాడు. "నువ్వూ వెళితే ఇంట్లో మనిషి చప్పుడుండదనిపించింది."

"అడగొచ్చుగా నాన్నా! వద్దంటే ఆగిపోయేదాన్ని."

"ఆగుతావని తెలుసు. నేనే ఆపానని నువ్వు తల్చుకుంటావని అడగలేదు. తర్వాత ఎక్కడ దాచానో నాకే తెలియకుండా పోయింది."

నస్రత్ లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. తొట్టి దగ్గర నిలబడి చెంబులు చెంబులుగా నీళ్లు ముఖం మీద పోసుకుంది. కోపం వచ్చింది. అరవాలనుకుంది. అరిస్తే ఎవరి మీద? దాచిన మనిషి ఇప్పుడిక్కడ సగమే ఉన్నాడు. చాలాసేపటికి లోపలికొచ్చేసరికి, ఆయన ఉత్తరాన్ని విప్పి టీవీ మీద ఆరేసి, రెండు చివర్లా పొద్దుట తెచ్చిన బజ్జీలు రెండు బరువు పెట్టాడు. ఆమెకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఉత్తరం చదివింది. వచ్చే సోమవారం ఉదయం పది గంటలకి హాజరు కావాలని ఉంది. అన్నేళ్ల కిందటి ఉత్తరంలో ఏడాది కూడా ఈ ఏడాదే.

సోమవారం పొద్దున్నే మస్తాన్‌బీకి నాన్ననీ ఇంటి తాళాన్నీ అప్పగించి రైలెక్కింది. గుంటూరు బడిలో గుమాస్తా నూనెమరకలు పడ్డ ఉత్తరాన్ని వెలుతురుకి పట్టి చూశాడు.

"కాస్త తడిసినట్టుందమ్మా."

"సముద్రం కింద ఉండిపోయిందండీ."

"సీలు కనిపిస్తోంది, చాలు." ముద్ర గుద్ది, తరగతి ఎటో చూపించాడు.

కంపెనీలో ఇక ఆదివారాలే వస్తానని చెప్పింది. ఇల్లు నాన్న పింఛను మీదా, ఆ ఆదివారాల మీదా ఎలాగో నడిచింది. ఆమె వచ్చేదాకా అల్లాబక్షు మస్తాన్‌బీ ఇంట్లో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూర్చునేవాడు.

మొదటివారం చివర నస్రత్ తన కాగితం తెచ్చి ఆయన ముందు పరిచింది. ఆయన అంచు వెంబడి గడులు లెక్కపెట్టాడు.

"ఈ మూల ఎవరు నేర్పారు?"

"మా సార్ నాన్నా."

"ఆయనకి మూల తిప్పడం రాదు. ఇటివ్వు." పెన్సిలు లాక్కుని కాగితం మీదికి వంగాడు. గీత మొదట వంకరపోయింది, తర్వాత కుదురుకుంది. "షాజాదీ, ఆ లైటు కాస్త ఇటు జరుపు."

నస్రత్ లైటు జరిపి ఆయన పక్కనే కూర్చుంది.