తనూజ కోసం ప్రార్థన

మా నందికొట్కూరు సంఘంలో ఆదివారం బైబిలు వాక్యం చదివేది నేనే. పదహారేళ్లుగా చదువుతున్నాను. ఏడో తరగతితో బడి మానేసిన ఈ కృపమణి లేచి నిలబడితే మగవాళ్ల వైపు కూడా గుసగుసలు ఆగిపోతాయి. నాకంటూ ఉన్న గొప్ప అదొక్కటే.

మిగతా వారమంతా మిరపకాయల షెడ్డులో తొడిమలు తీసే పని. తొమ్మిదిమంది ఆడవాళ్లం. నేను ఫోనులో నవల చదివి వినిపిస్తే, నా వంతు కాయలు వాళ్లు పంచుకుంటారు. ఈ ఎండాకాలం మమ్మల్ని పట్టుకున్నది తనూజ అనే పిల్ల కథ. బెంగళూరులో ఉద్యోగం, తోటి పనివాడి మీద ఇష్టం, ఆ మాట నాయనతో చెప్పాలంటే భయం. శుక్రవారానికో భాగం వస్తుంది. ఒక శుక్రవారం ఆ పిల్ల నాయన ఎదుట నిలబడి నోరు తెరవబోతుండగా భాగం అయిపోయింది.

డెబ్బై ఏళ్ల విశ్వాసమ్మకు మనసు ఆగలేదు. ఆదివారం గుడిలో లేచి, "తనూజ అని ఒక బిడ్డ అయ్యగారూ. నాయనకు మనసులో మాట చెప్పనీకి ధైర్యం రావల్ల. ప్రార్థన చేయండి," అంది. పాస్టరు వసంతకుమార్ గారు కన్నీళ్లతో పది నిమిషాలు ప్రార్థించారు. మేమంతా గట్టిగా ఆమెన్ అన్నాం. ఎగతాళికి కాదు, ఒట్టు. నిజంగానే అన్నాం.

తనూజ నవలలో పిల్ల అని మూడు వారాల తర్వాత ఎవరో ఆయన చెవిన వేశారు. అయ్యగారికి తల కొట్టేసినట్టయింది. నన్ను పిలిపించి, వచ్చే ఆదివారం అందరి ముందూ క్షమాపణ అడగాలన్నారు. అలాంటి కథలు ఇక చదవనని మాట ఇవ్వాలన్నారు. లేకపోతే వాక్యం ఇంకొకరు చదువుతారన్నారు. ఇంటికొచ్చి ఏడ్చాను. ఏడ్చాక కోపం వచ్చింది.

ఆదివారం మైకు నా చేతికిచ్చారు.

"మీ కన్నీళ్లు కథకు పోయినాయని మీకు కష్టంగా ఉండాది. దానికి మన్నించండి అయ్యగారూ," అన్నాను. ఆయన ముఖం తేరుకుంది. "కథలు సదవనని మాత్రం మాటియ్యను. పదిహేడేండ్లప్పుడు నన్ను సూసుకోనీకి వచ్చినారు. నేను టీ గ్లాసులు కడిగేలోపల తేదీ పెట్టేసినారు. నీకిష్టమేనా తల్లీ అని ఒక్కరన్నా అడిగినారా? అడగల్లని నాకూ తెల్దు. తన ఇష్టం నాయనకు చెప్పల్లనుకునే ఈ పిల్ల కథ సదివినాకనే తెలిసింది."

"పెండ్లి ప్రమాణంలో అడుగుతాం గదమ్మా, సమ్మతమేనా అని!" అన్నారు అయ్యగారు.

"నాలుగు వందల మందికి అన్నం ఉడికినాక అడిగితే ఏం చెప్పల్ల అయ్యగారూ? ఇన్నేండ్లలో ఎవురన్నా కాదన్యారా?"

ఆయన నా చేతిలోంచి మైకు తీసుకుని, వాక్యం చదవమని మగవాళ్ల వైపు నుంచి ఏసుకుమార్‌ని పిలిచారు. పదహారేళ్ల చోటు అది. అయినా తల వంచలేదు. ఆడవాళ్ల వైపు నడిచి చాప మీద కూర్చున్నాను.

విశ్వాసమ్మ నా చెయ్యి పట్టుకుని, మగవాళ్లందరికీ వినపడేలా అడిగింది.

"రేపు మిగిల్నది సదువుతావు గదమ్మే?"

"సదువుతా," అన్నాను, అంతకంటే గట్టిగా.