సంచుల దగ్గర ఎవరుంటారు

మా ఇంట్లో ఎక్కడికి బయలుదేరినా సంచుల దగ్గర ఎవరుంటారని ఎవరూ అడగరు. నేనే. సముద్రం చూడటానికి వెళ్ళినా, జంతువుల్ని చూడటానికి వెళ్ళినా, మిగతావాళ్ళు తిరిగొచ్చేదాకా ఏ చెట్టు కిందో గోడ పక్కనో సంచులు ముందేసుకుని కూర్చునేది నేను. పెళ్ళయిన కొత్తలో, సముద్రానికి వెళ్ళిన మొదటి ప్రయాణంలోనే, మా అత్తగారు రెండు సంచులు తెచ్చి నా పక్కన పెట్టి, "హమ్మయ్య, ఇన్నాళ్ళకి నా వంతు అయిపోయిందమ్మా," అని చెప్పులు విడిచి నీళ్ళలోకి నడిచింది. ఆవిడ మీద నాకేం కోపం లేదు. ఆవిడ అంత సంతోషంగా ఉండగా నేను మళ్ళీ చూడలేదు.

కానీ ఈసారి నేను ఊరుకోదల్చుకోలేదు. నిట్టనిలువు కొండలో ఎప్పుడో వేల ఏళ్ళ కిందట మనుషులు ఇళ్ళు తొలుచుకున్నారనీ, గదులూ గూళ్ళూ పొయ్యిలూ ఇంకా అలాగే ఉన్నాయనీ పిల్లల పుస్తకంలో చూశాను. అప్పటినుంచీ అక్కడ అన్నిటికన్నా పైనున్న గదిలో ఒక్కసారి నిలబడాలని నా కోరిక. ఎందుకో చెప్పలేను. ఆస్పత్రి లాండ్రీలో ఆవిరి మధ్య నిలబడి దుప్పట్లు మడతపెట్టే పని నాది. చల్లటి రాతిగది అంటే నాకు నోరూరుతుంది, అంతే అనుకోండి.

మా ఆయనకు ముందే చెప్పాను. "ఈసారి నేను పైకెక్కుతాను. సంచుల సంగతి మీరు చూసుకోండి."

"ఎక్కు, ఎవరొద్దన్నారు?" అన్నాడు.

నిజమే, ఎవరూ ఎప్పుడూ వద్దనలేదు. వద్దంటే పోట్లాడొచ్చు. మా ఆయన చెడ్డవాడేం కాదు, లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, నోట్లోంచి గట్టి మాట రాదు. అలాంటి మనిషితో దెబ్బలాట పెట్టుకోవడం గోడకు చెప్పుకోవడమే.

బస్సు మమ్మల్ని దించేసింది. డ్రైవరు తాళం వేసుకుని, మళ్ళీ సాయంత్రమే వస్తానని ఎటో పోయాడు. అందుకని తిండి సంచీ, నీళ్ళ సంచీ, బట్టల సంచీ అన్నీ మోసుకుని కొండదాకా నడవాల్సి వచ్చింది. ఎండ, కంకర దారి. మా అబ్బాయి పది అడుగులకోసారి "ఇంకా ఎంత దూరం?" అని ప్రాణం తీశాడు. వాడికన్నా రెండేళ్ళు చిన్నది మా అమ్మాయి, పన్నెండేళ్ళది, నోరెత్తకుండా నీళ్ళ సంచీ మోసింది. కొండ మొదట్లోకి చేరేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

అక్కడున్న కాపలా మనిషి చెయ్యడ్డం పెట్టాడు. "సంచులతో నిచ్చెన ఎక్కనివ్వం. ఎవరో ఒకరు ఇక్కడుండి చూసుకోండి."

ముగ్గురూ నా వైపు చూశారు. మా అమ్మాయి కూడా.

భుజం మీది సంచీ కింద పడేశాను. "నేను పైకెళ్తున్నాను," అన్నాను. గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది.

"సరే సరే, నువ్వు పద. మేం చూసుకుంటాం," అన్నాడు మా ఆయన.

మేం అంటే ఎవరని అడగాల్సింది. ఒళ్ళు హూనమై ఉంది, మళ్ళీ మాట మారుస్తాడేమోనని భయం. అడక్కుండానే మొదటి నిచ్చెన పట్టుకున్నాను.

ఎంత కష్టపడి ఎక్కానో నా మోకాళ్ళకే తెలుసు. రెండో నిచ్చెన మధ్యలో ఆగి, ఈ మనుషులకు కింద నేల కరువైందా, ఇంత పైన కాపురం పెట్టారు అని తిట్టుకున్నాను. వెనకాల ఎక్కుతున్న పెద్దాయన "నిదానంగా అమ్మా" అంటే సమాధానం చెప్పడానికి కూడా ఊపిరి లేదు. అయినా ఎక్కాను.

గది చిన్నది. వంగి లోపలికెళ్ళాలి. పైకప్పు నిండా పాత మసి, మూలన పొయ్యి గుంట. గోడకు వీపు ఆనించి కూలబడ్డాను. రాయి చల్లగా ఉంది. సంతోషం పొంగుకొస్తుందనుకున్నాను, ఏడుపొచ్చింది. అలసటో, సంతోషమో తెలీలేదు. కాసేపు హాయిగా ఏడ్చాను.

తర్వాత గుమ్మం దగ్గరికి జరిగి కిందికి చూశాను. మా అబ్బాయి నిచ్చెన మీద ఉన్నాడు, వాడి వెనక మా ఆయన. కింద, మూడు సంచుల మధ్య, మా అమ్మాయి. మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, ఒక సంచీ పట్టీలోంచి చెయ్యి దూర్చుకుని కూర్చుంది. అలా కూర్చోమని దానికెవరూ చెప్పలేదు. నన్ను చూసే నేర్చుకుంది.



మా ఆయన రొప్పుతూ పైకొచ్చాడు. "ఎలా ఉంది? బాగుందా?"

"పిల్లెందుకు కిందుంది?"

"సంచుల దగ్గర ఎవరుంటారు అన్నాను. తనే ఉంటానంది. మంచి పిల్ల."

మంచి పిల్ల! నన్నూ మంచి కోడలనే అన్నారు.

వంగి గట్టిగా పిలిచాను. అది తలెత్తి చెయ్యూపింది.

"అమ్మా, బాగుందా?"

"బాగుంది. నువ్వూ రా!"

"మరి సంచులో?"

"వదిలేసి రా!"

లేచింది. నాలుగడుగులు వేసింది. మళ్ళీ వెనక్కెళ్ళి కూర్చుంది. "నాన్న ఫోను ఇందులోనే ఉందమ్మా. నేనుంటాలే. నాకేం పర్లేదు. నువ్వు చూడు."

ఆ మాట నాది. ఏళ్ళ తరబడి, సరిగ్గా అదే గొంతుతో, అందరికీ చెప్పిన మాట. నాకేం పర్లేదు, మీరు చూసి రండి. నా నోటి మాట దాని నోట వింటే ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో కూడా తెలియని కోపం.

మా ఆయన వైపు తిరిగాను. "మీరు దిగండి."

"ఇప్పుడేగా ఎక్కింది! కాళ్ళు పట్టేశాయే."

"నాకూ పట్టేశాయి. దిగి దాన్ని పైకి పంపండి."

"కాసేపాగి..."

"ఇప్పుడే."

ఆయన నా మొహంలోకి చూశాడు. ఏం కనిపించిందో ఏమో, వెనక్కి తిరిగి నిచ్చెన పట్టుకున్నాడు. మా అబ్బాయి ఇవేవీ పట్టనట్టు అప్పటికే పక్క గదిలోకి దూరిపోయాడు.

అమ్మాయి పైకి రావడానికి చాలాసేపు పట్టింది. చెమటతో, దుమ్ముతో, భయంభయంగా లోపలికి వంగి వచ్చింది. చుట్టూ చూసింది.

"ఇంతేనా?" అంది.

"ఇంతే. కూర్చో."

నా పక్కన కూర్చుంది. వీపు రాయికి తగలగానే "అబ్బ, చల్లగా ఉందమ్మా!" అని కళ్ళు మూసుకుంది. ఎంతోసేపు ఉండలేదు. మెడ చాచి గుమ్మంలోంచి కిందికి తొంగిచూడటం మొదలుపెట్టింది.

"ఏం చూస్తున్నావ్?"

"నాన్న సంచుల దగ్గరే కూర్చున్నాడా లేదా అని."

కాళ్ళు పీకేస్తున్నాయి. లేవబుద్ధి కాలేదు. అయినా లేచి, దాన్ని దాటుకుని వెళ్ళి, ఆ గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను.