ఎదురుగా ఒక మనిషి

ట్రైపాడ్ మూడో కాలు కింద ఆమె ఒక అట్టముక్క దోపింది. షెడ్డు నేల ఆ మూల కాస్త పల్లం. రసమట్టంలో బుడగ బద్ధకంగా జరిగి రెండు గీతల మధ్యకు వచ్చి ఆగింది. చేతులు గుడ్డకు తుడుచుకుని, పెట్టెలోంచి పెద్ద దుర్భిణి తీసి స్టాండు మీద కూర్చోబెట్టి మర తిప్పింది. మరీ బిగిస్తే గాడి అరుగుతుంది. వదిలేస్తే కొండగాలికి దుర్భిణి తల ఊపుతుంది. ఎక్కడ ఆపాలో ఆమె వేళ్లకు తెలుసు.

ఆ చిన్న కార్ఖానాలో ఆమెను అద్దాలమ్మ అంటారు. అనేవాళ్లు పెద్దగా ఎవరూ లేరు. యజమాని, సరుకు తీసుకుపోయే వ్యాను డ్రైవరు, అప్పుడప్పుడూ వచ్చే కొనుగోలుదార్లు. కొండల్లో దారి తప్పినవాళ్లను వెతికే దళాలకు ఇక్కడినుంచే సరంజామా వెళ్తుంది. పగటికి దుర్భిణి. చుక్కల వెలుగు మాత్రమే ఉన్నప్పుడు దాని వెనక తగిలించే నైట్ విజన్ గొట్టం. ఏ వెలుగూ లేనప్పుడు, పక్కన బిగించిన థర్మల్ కెమెరా. అది వెలుగును కాదు, ఒంటి వేడిని చూస్తుంది. ఈ మూడూ ఒకే చోటును చూడాలి. ఒకటి చెట్టునూ ఇంకొకటి చెట్టు పక్క రాయినీ చూపించాయంటే, చలికి ముడుచుకుపోయిన మనిషి ఆ రెంటి సందున దొరక్కుండా పోతాడు. మూడింటినీ ఒక్క చూపుకు తేవడం ఆమె పని. జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరింది. ఇప్పుడు పాపిట వెడల్పయింది. కుడికన్ను చుట్టూ, రబ్బరు కప్పుకు ఆనించీ ఆనించీ, చెరగని వలయం ఒకటి పడింది.

ఇవాళ చేతులు పనిలో ఉన్నాయిగానీ మనసు ఇంట్లోనే ఉండిపోయింది.

నిన్న సాయంత్రం అత్తకు కొడుకు ఫోన్ చేశాడు. ఆ కొడుకే ఒకప్పుడు ఈమెకు భర్త. ఇంకో మనిషితో ఇంకో ఊరు వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. అతను వెళ్లిన రోజున వీధి వీధంతా ముసలామె కూడా మూట కట్టుకుంటుందనే అనుకుంది. ఆమె మూట కట్టలేదు. మంచం మీద ముడుచుకుని పడుకున్న కోడలి దగ్గరికి వచ్చి, "కడుపున పుట్టాడని వాడి వెనకాల సిగ్గు లేకుండా నడవాలా ఏం? లే, మొహం కడుక్కో. పనికి పొద్దుపోతోంది," అంది. అంతే. ఆ తర్వాత ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. పోట్లాటలు మాత్రం మానలేదు. ఉప్పు దగ్గర, కిటికీ తలుపు దగ్గర, ముందు ఎవరు దీపం ఆర్పాలన్న దగ్గర రోజూ ఏదో ఒకటి. ఆ పోట్లాటల్లోనే 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. ఎప్పుడయిందో ఇద్దరిలో ఎవరికీ గుర్తు లేదు.

నిన్న ఫోన్లో ముసలామె, "గది పెద్దదేనా? ఎండ పడుతుందా?" అని అడగడం కోడలి చెవిన పడింది. మిగతాది వినకూడదని పంతంగా బయటికి వెళ్లి, ఆరని బట్టలు కూడా తీగమీంచి లాగేసింది. లోపలికొచ్చేసరికి ఫోన్ పెట్టేసి ఉంది.

"వాడు కొత్త ఇల్లు తీసుకున్నాట్ట. వచ్చి తీసుకెళ్తానంటున్నాడు."

"వెళ్లు. నన్నడుగుతావేం?"

"నిన్ను అడిగానా నేను?"

అక్కడితో ఆగిపోయింది. ఇద్దరూ మొండిఘటాలే. పొద్దున లేచాక కూడా గిన్నెలు మాట్లాడుకున్నాయిగానీ మనుషులు మాట్లాడుకోలేదు.

చీకటి గదిలో నైట్ విజన్ గొట్టాలను ఒక్కొక్కటే సరిచూసింది. ఆ గదిలో చీమతలంత దీపం ఒక్కటే ఉంటుంది. గొట్టంలో అదే పచ్చటి పొద్దులా వెలుగుతుంది. పగటి వెలుగులో మూత తీస్తే గొట్టం పాడైపోతుందని, మూతలన్నీ మళ్లీ నొక్కి నొక్కి చూసి బయటికి వచ్చింది. అప్పటికే ముసలామె ఒక చేత భోజనం డబ్బాతో, ఇంకో చేత నల్ల గొడుగుతో గుమ్మం దగ్గర నిలబడి ఉంది. గోడకు చెయ్యి ఆనించి ఆయాసం తీర్చుకుంటోంది.

"రండి పెద్దమ్మా," అన్నాడు యజమాని బల్ల వెనకనుంచి. "మీరు రాందే మా సరుకు గడప దాటదు."

"అయితే కుర్చీ ఒకటి మంచిది కొనరాదూ? ఆ స్టూలు మీద కూర్చుంటే నడుం పట్టేస్తోంది."

అతను నవ్వాడు. కోడలు నవ్వలేదు.

షెడ్డు వెనక ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. కోడలు తల ఎత్తకుండా తింటుంటే ముసలామె కాసేపు చూసి, "ఏమే, కూరలో కారం ఎక్కువైందా, కోపం ఎక్కువైందా?" అంది.

"నాకేం కోపం?"

"అబ్బే, లేదులే. ముక్కు మీద కనిపిస్తే చెమటేమో అనుకుంటున్నా."

కోడలు డబ్బా మూత పెట్టేసింది. ముసలామె నీళ్లు తాగి, నోరు తుడుచుకుని, ఈసారి మెల్లగా అంది. "నీకో మాట చెప్పాలి."

"పని అయ్యాక చెప్పు. వ్యాను వచ్చేస్తుంది."

"రెండు ముక్కలే."

"రెండు ముక్కలయితే సాయంత్రం దాకా పాడైపోవుగా. వెళ్లి గోడ దగ్గర కూర్చో."

"సరే తల్లీ. నీ అద్దాల ముందు నా మాటెంత," అని మోకాళ్లు పట్టుకుని లేచింది.

షెడ్డు వెనక పెరడు పొడుగ్గా ఉంటుంది. చివరన ఎత్తు గోడ. ఆ గోడకు రోజంతా ఎండ తగలదు. చల్లటి గోడ ముందు వెచ్చటిది ఏదైనా పెట్టి, దుర్భిణి గీతల కూడలిని, థర్మల్ గీతల కూడలిని దాని మీద కలపాలి. మొదట్లో వేడినీళ్ల సీసా పెట్టేవారు. ఒకసారి భోజనం తెచ్చిన ముసలామె అది చూసి, "సీసా దేనికి? నేనున్నాగా. ఇంకా చల్లారలేదు," అని వెళ్లి కూర్చుంది. అప్పటినుంచీ ఆ స్టూలు ఆమెది. దళాలు వెతికేది మనిషినే కాబట్టి మనిషి మీద సరిచూడటమే మంచిదని కోడలు కూడా అనుకుంది. కాకపోతే ముసలామె ఒక్క క్షణం కుదురుగా ఉండదు. శాలువా సర్దుకుంటుంది, ఈగను తోలుతుంది, గోడ అవతలివాళ్లను పలకరిస్తుంది.

కోడలు వెనక తలుపు బార్లా తెరిచింది. కిటికీ గాజులోంచి దుర్భిణికి కనిపిస్తుందిగానీ, థర్మల్‌కు గాజు కూడా గోడే. తెర మీద గోడ నల్లగా, శాలువా బూడిద రంగులో, ముఖమూ చేతులూ తెల్లగా వచ్చాయి. గీతలు ఎడమకు తప్పి ఉన్నాయి. సన్నటి మర తిప్పుతుండగా ఒళ్లోని తెల్లటి చెయ్యి లేచి రొమ్ము మీదికి వెళ్లింది. అక్కడే కాసేపు రుద్దుతూ ఉంది.

"చెయ్యి దించు అత్తా! కదలకు!"

చెయ్యి దిగింది. అంత దూరంనుంచీ ముసలామె గొంతు, కాస్త బొంగురుగా, వినిపించింది.

"ఊపిరి తీసుకోనా? దానికీ నీ సెలవు కావాలా?"

కోడలికి నవ్వొచ్చింది. కనబడనివ్వకూడదని పెదవి కొరుక్కుని కన్ను రబ్బరు కప్పుకు ఆనించింది.

ఆ తర్వాత పని చకచకా సాగింది. మొదటిది కుదిరింది. దాన్ని దించి రెండోది ఎక్కించింది. అదీ కుదిరింది. ముసలామె శాలువా సర్దుకోలేదు, ఈగను తోలలేదు. తల వెనక్కి గోడకు ఆనించి, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఫొటోకు కూర్చున్నట్టు కూర్చుంది. తెర మీద ముఖం తెల్లగానే ఉంది. ఆ తెర వేడిని చూపిస్తుంది. ఊపిరి ఆడుతోందో లేదో చెప్పదు.

"ఇవాళ బుద్ధొచ్చినట్టుందే!" అని కేకేసింది కోడలు. జవాబు రాలేదు. అలిగింది కాబోలు అనుకుంది. అలగనీ. కానీ తర్వాతి మర తిప్పుతుండగా ఇంకో ఆలోచన వచ్చింది. ఎలాగూ వెళ్లిపోతున్నాను కదా, ఈ ఒక్కరోజైనా దాని మాట విందాం అనుకుంటోందేమో. రెండు ముక్కలు చెప్తానన్నది ఇదేనేమో. రేపు ఆ గోడ ముందు మళ్లీ సీసా పెట్టుకోవాలి. ఇంట్లో కిటికీ తెరుచుకున్నా మూసుకున్నా అడిగేవాళ్లుండరు.

ఆఖరి దుర్భిణి కుదిరింది. ఆమె మరలన్నీ బిగించి, మూతలు పెట్టి, చేతులు కడుక్కోకుండానే పెరట్లోకి నడిచింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ నోట రాని మాట. దగ్గరికి వెళ్తే మళ్లీ పంతం అడ్డొస్తుందని సగం దారిలోనే అనేసింది.

"వెళ్లకు అత్తా. నువ్వు లేకపోతే నాకు తోచదు. వెళ్లొద్దు."

ముసలామె కదల్లేదు. కళ్లు సగం మూసి ఉన్నాయి. నోరు, ఏదో చెప్పబోయి ఆగినట్టు, కొద్దిగా తెరుచుకుని ఉంది. కోడలు మోకాళ్ల మీద కూలబడి చెయ్యి పట్టుకుంది. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. "అత్తా, అయిపోయింది. ఇంక కదులు. అత్తా, కదులు," అంటూనే ఉంది, యజమాని పరుగెత్తుకొచ్చి ఆమె భుజాలు పట్టుకునేదాకా.

వీధి చివరి డాక్టరు వచ్చి చూశాడు. గుండె ఆగి కాసేపయిందని, పెద్దగా బాధపడి ఉండదని అన్నాడు. ఆ రొమ్ము మీది చెయ్యి సంగతి కోడలు ఆయనకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

కొడుక్కి ఫోన్ చేయాల్సి వచ్చింది. యజమాని చేస్తానన్నాడుగానీ ఆమె తానే చేసింది. ఇన్నేళ్ల తర్వాత ఆ గొంతుతో మాట్లాడింది ఒక్క వాక్యం. అవతల అతను చాలాసేపు ఏడ్చాడు. ఆమె ఫోన్ చెవికి ఆనించుకుని విన్నది.

"నేను బయల్దేరుతున్నా," అన్నాడు చివరికి. "నిన్ననే రమ్మన్నాను. రానంది."

"ఏమంది?"

"'అది అద్దాలు సరిచూసుకోవాలంటే ఎదురుగా ఒక మనిషి కావాలిరా, నేనొస్తే ఎవరు కూర్చుంటారు?' అంది. నీకు అప్పుడే చెప్పొద్దంది. 'ఒక్క పూట బెంగ పెట్టుకోనీ. వెళ్లొద్దని దాని నోటితో ఒక్కసారి అంటే వినాలనుంది' అంది." అతను ఆగాడు. "అన్నావా?"



"అన్నాను," అంది.

వ్యాను డ్రైవరు సరుకు కోసం వచ్చి, సంగతి తెలిసి, హారన్ కొట్టకుండా వీధిలోనే ఆపుకున్నాడు. ముందు ముసలామెను ఇంటికి చేర్చాడు. తర్వాత వెనక్కి వచ్చి పెట్టెలు ఎక్కించుకుని కొండల దారి పట్టాడు. పొద్దు వాలుతుండగా యజమాని షెడ్డు వెనక తలుపు గడియ వేయబోయి, ఎవరైనా మిగిలారా అన్నట్టు ఒకసారి పెరట్లోకి చూశాడు. చివరి గోడకు కొట్టిన మేకుకు, మధ్యాహ్నం ఎండలో ముసలామె వేసుకొచ్చిన నల్ల గొడుగు, చక్కగా మడిచి, గుండీ పెట్టి, తగిలించి ఉంది.